రెండంతస్తుల కోడ్: వీడియో గేమ్‌కు ఏ ప్రోగ్రామింగ్ భాష?

వీడియో గేమ్ చేద్దామని కూర్చున్నవాళ్లకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఒకటే: ఏ భాష నేర్చుకోవాలి? అడిగిన ప్రతిచోటా ఒక్కో జవాబు వస్తుంది. సీ ప్లస్ ప్లస్ రాకపోతే గేమ్ ప్రోగ్రామరే కాదని ఒకరంటారు. సీ షార్ప్ చాలని ఇంకొకరు. పైథాన్‌తో మొదలుపెట్టమని, రాబోయే రోజులు రస్ట్‌వేనని, అసలు కోడే అక్కర్లేదని మరికొందరు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అందుకే వినేవాళ్ల బుర్ర వేడెక్కుతుంది, నెలలు గడిచిపోతాయి, గేమ్ మాత్రం మొదలవదు.

ప్రశ్న అడిగే తీరులోనే చిక్కు ఉంది. గేమ్ అంతా ఒకే భాషలో రాస్తారన్న ఊహ దాని వెనకాల ఉంది. గత ముప్పై ఏళ్లలో పేరు తెచ్చుకున్న గేమ్‌లను విప్పి చూస్తే చాలావాటిలో రెండంతస్తులు కనిపిస్తాయి. కింది అంతస్తులో బొమ్మ గీయడం, ఏది దేనికి తగిలిందో లెక్కగట్టడం, శబ్దం వినిపించడం లాంటి బరువు పనులు జరుగుతాయి. అక్కడ యంత్రానికి దగ్గరగా ఉండే భాష కావాలి. పై అంతస్తులో ఉండేవి ఆట సంగతులు: ఈ శత్రువు ఎప్పుడు మీదికి రావాలి, ఈ తలుపు ఏ తాళంతో తెరుచుకోవాలి, ఈ మాటకు ఆ పాత్ర ఏమని బదులివ్వాలి. అక్కడ గబగబా రాసి గబగబా మార్చుకోగల భాష కావాలి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏ అంతస్తులో పనిచేయాలన్నది. అది తేలితే భాష పేరు చాలావరకు దానంతటదే తేలుతుంది.

16 మిల్లీసెకన్ల గడువు

కింది అంతస్తుకు అంత వేగం ఎందుకు? తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో బొమ్మకు, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు, దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ తెరకైతే, అంటే సెకనుకు 120 సార్లు మారేదానికైతే, 8.33. ఈలోపే ఆటగాడు ఏ బటన్ నొక్కాడో చదవాలి, తెర మీదున్న ప్రతిదాన్నీ కదిలించాలి, ఢీకొన్నవి పట్టుకోవాలి, శత్రువులు ఏం చేయాలో తేల్చాలి, చివరికి బొమ్మంతా గీయించాలి. వెంటనే మళ్లీ మొదటి నుంచి. ఒక వెబ్‌సైట్ అర సెకను ఆలస్యంగా తెరుచుకుంటే ఎవరూ పట్టించుకోరు. గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ తప్పినా చేతికి తెలిసిపోతుంది. సగటు వేగం బాగుంటే సరిపోదు, ప్రతి ఫ్రేమూ గడువులోపే పూర్తవ్వాలి.

మొదట్లో ఈ గడువును అందుకోవడానికి దారులు చాలా తక్కువ. 1972 నాటి పాంగ్‌లో అసలు ప్రోగ్రామే లేదు, ఆటంతా ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతోనే నడిచేది. 1977లో వచ్చిన అటారీ 2600లో మొత్తం ర్యామ్ 128 బైట్లు. ఈ పేరాలోని మొదటి వాక్యం కూడా అందులో పట్టదు. అలాంటిచోట అసెంబ్లీ, అంటే ప్రాసెసర్ ఆదేశాలనే ఒక్కొక్కటిగా రాసే భాష, తప్ప మరో మాటే లేదు. ఆ అలవాటు ఆ తర్వాత కూడా చాన్నాళ్లు నడిచింది: 1999 నాటి రోలర్‌కోస్టర్ టైకూన్‌ను క్రిస్ సాయర్ దాదాపు మొత్తం అసెంబ్లీలోనే రాశాడు. కానీ అప్పటికే దారి మారిపోయింది. 1993లో వచ్చిన డూమ్‌ను సీ భాషలో రాసి, గోడల్నీ నేలనీ తెర మీద నింపే చిన్న భాగాన్ని మాత్రం అసెంబ్లీలో ఉంచారు. ఎక్కడ గడువు గట్టిగా ఉందో అక్కడే కష్టమైన భాష, మిగతాచోట తేలికైన భాష. ఆ తర్వాతి కాలమంతా ఈ పంపకం గీతనే అటూ ఇటూ జరుపుతూ వచ్చింది.

ఈనాడు కింది అంతస్తులో సీ ప్లస్ ప్లస్ పాతుకుపోవడానికి దాని వేగం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, మెమరీని ఎప్పుడు తీసుకోవాలో ఎప్పుడు వదలాలో రాసేవాళ్ల చేతిలోనే ఉండటం. జావా, సీ షార్ప్, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో ఆ పని గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. వాడి వదిలేసిన ఆబ్జెక్టుల్ని, అంటే ప్రోగ్రామ్ మెమరీలో కట్టుకున్న డేటా ముక్కల్ని, అప్పుడప్పుడు వచ్చి ఊడ్చిపోతుంది. సౌకర్యమే. అది ఎప్పుడొస్తుందన్నదే టెన్షన్.

ఒక షూటింగ్ గేమ్ తీసుకుందాం. తెర మీద 50 మంది శత్రువులు, ఒక్కొక్కరు సెకనుకు 10 తూటాలు పేలుస్తున్నారు. ప్రతి తూటాకూ కొత్త ఆబ్జెక్ట్ పుట్టిస్తే సెకనుకు 500. తూటా గోడకు తగిలినప్పుడల్లా ఒక నిప్పురవ్వ, ఒక చప్పుడు కూడా ఆబ్జెక్టులే అయితే 1,500. నిమిషం తిరిగేసరికి 90,000 ఆబ్జెక్టులు పుట్టి చెత్తలో కలుస్తాయి. ఏదో ఒక క్షణాన కలెక్టర్ ఊడ్చడానికి వస్తుంది. దానికి 25 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే 16.67 గడువు దాటిపోయినట్టే. ఒక ఫ్రేమ్ ఎగిరిపోతుంది, ఆట ఉలిక్కిపడి ఆగి మళ్లీ నడుస్తుంది. అదీ పోరు బాగా ముదిరినప్పుడే జరుగుతుంది, ఎందుకంటే చెత్త ఎక్కువగా పుట్టేది అప్పుడే. సరిగ్గా ఆటగాడు ఊపిరి బిగబట్టి ఆడుతున్న చోట గేమ్ చేతులెత్తేస్తుంది.

దీనికి విరుగుడు భాష మార్చడమే కానక్కర్లేదు. ఒక్కో తూటా సెకనులోపే ఎక్కడో ఒకచోట తగిలి మాయమయ్యేట్టయితే, లెవెల్ మొదలవకముందే 600 తూటాలు చేసి పక్కన పెట్టుకోవచ్చు. కావాల్సినప్పుడు ఒకటి తీసి వాడి, పని అయ్యాక తిరిగి వరుసలో పెట్టేస్తే ఆట మధ్యలో కొత్త ఆబ్జెక్టే పుట్టదు, ఊడ్చడానికి చెత్తే ఉండదు. దీన్ని ఆబ్జెక్ట్ పూలింగ్ అంటారు. యూనిటీ ఒక గేమ్ ఇంజిన్, అంటే కింది అంతస్తును సిద్ధంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్. అందులో పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ సంగతి. యూనిటీ కూడా 2019 నుంచి ఊడ్చే పనిని ఒకేసారి చేయకుండా కొన్ని ఫ్రేమ్‌లకు పంచే పద్ధతి తెచ్చింది. అంటే గార్బేజ్ కలెక్టర్ ఉన్న భాషలో నున్నగా నడిచే గేమ్ చేయవచ్చు. కాకపోతే ఆ కలెక్టర్ అక్కడ ఉందన్న ఎరుకతో రాయాలి.

మెమరీలో ఏది ఎక్కడ కూర్చుందన్నదీ ముఖ్యమే. ప్రాసెసర్‌కు ఆనుకుని ఉండే క్యాష్ అనే చిన్న మెమరీ నుంచి ఒక విలువ తేవడానికి ఒకటి రెండు నానోసెకన్లు పడితే, ప్రధాన మెమరీ దాకా వెళ్లి తేవడానికి దాదాపు 100 పట్టవచ్చు. పేలుడులో ఎగిరే 10,000 రేణువులు మెమరీలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని కోసం అంత దూరం వెళ్లొస్తే ఎదురుచూపుకే ఒక మిల్లీసెకను పోతుంది. 16లో ఒకటి, అదీ ఏ లెక్కా చేయకముందే. అవే రేణువులు పక్కపక్కన వరుసగా పేర్చి ఉంటే ఒకదాని కోసం వెళ్తే పొరుగున ఉన్నవీ కూడా వచ్చేస్తాయి. సీ, సీ ప్లస్ ప్లస్, రస్ట్‌లలో ఇలా పేర్చుకోవడం సహజంగా కుదురుతుంది. సీ షార్ప్‌లో స్ట్రక్ట్‌ల అరే, అంటే విలువలనే నేరుగా పేర్చే వరుస, వాడితే కుదురుతుంది. మామూలు పైథాన్ లిస్టులో కుదరదు, ఎందుకంటే ఆ లిస్టులో వరుసగా ఉండేవి ఆబ్జెక్టుల చిరునామాలే, ఆబ్జెక్టులు మరెక్కడో ఉంటాయి.

పై అంతస్తు ఎందుకు కట్టుకున్నారు

వేగం ఒక్కటే చాలనుకుంటే అందరూ మొత్తం సీ ప్లస్ ప్లస్‌లోనే రాసి ఊరుకునేవాళ్లు. అలా జరగలేదు. 1996లో వచ్చిన క్వేక్‌లో ఇంజిన్ సీ భాషలో ఉన్నా, ఆయుధాలు, రాక్షసులు, తలుపులు ఎలా ప్రవర్తించాలో రాయడానికి జాన్ కార్మాక్ క్వేక్‌సీ అనే చిన్న భాషను విడిగా తయారుచేశాడు. అదే ఏడాది వచ్చిన క్రాష్ బ్యాండికూట్‌లో పాత్రల ప్రవర్తన రాయడానికి ఆండీ గావిన్ లిస్ప్ అనే పాత భాష ఒరవడిలో గూల్ అనే భాష కట్టుకున్నాడు. 1998లో అన్‌రియల్ అనే గేమ్, దాని ఇంజిన్‌తో పాటు అన్‌రియల్‌స్క్రిప్ట్ వచ్చింది. వేగంలో అది సీ ప్లస్ ప్లస్ కంటే సుమారు 20 రెట్లు వెనకబడి ఉండేది. అయినా ఫర్వాలేదనుకున్నారు. శత్రువు ఎటు తిరగాలో తేల్చే కోడ్ ఒక్కో ఫ్రేమ్‌లో కొద్దిసేపే నడుస్తుంది, బరువంతా కింద ఇంజిన్ మోస్తుంది.

సొంత భాష కట్టుకునే తీరిక లేనివాళ్లకు లువా దొరికింది. ఇది 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని పొంటిఫికల్ కాథలిక్ యూనివర్సిటీలో పుట్టింది. పోర్చుగీసులో ఆ పేరుకు చంద్రుడని అర్థం. గేమ్‌ల కోసం పుట్టిన భాష కాదు. కానీ చాలా చిన్నది, సీలో రాసిన ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఇట్టే ఇమిడిపోతుంది. 1998లో గ్రిమ్ ఫాండాంగోలో కనిపించింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆటగాళ్లు తమకు తాముగా చేసుకునే యాడాన్‌లన్నీ లువాలోనే. రోబ్లాక్స్‌లో వాడే లువౌ దాని కొమ్మే. ఫ్యాక్టోరియోలో వేలకొద్దీ బెల్టుల మీద సరుకు కదిలించే ఇంజిన్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటే, ఆటను తమకు నచ్చినట్టు మార్చే మాడ్‌లు రాసేవాళ్లకు ఇచ్చింది లువా. 2024లో వచ్చి అందరినీ కట్టిపడేసిన బలాట్రోను లవ్ అనే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా దొరికే కోడ్ కట్ట) మీద లువాలోనే రాశారు.

పై అంతస్తు వల్ల రెండు మేళ్లు జరిగాయి. మొదటిది, ప్రోగ్రామర్లు కానివాళ్లూ లోపలికి రాగలిగారు. లెవెల్ డిజైనర్‌కు ఒక తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకోవాలనిపిస్తే ఇంజిన్ టీమ్ దగ్గరికి వెళ్లి నిలబడాల్సిన పని లేదు. రెండోది, తప్పు చేస్తే పడే దెబ్బ తగ్గింది. సీ ప్లస్ ప్లస్‌లో ఒక పాయింటర్, అంటే మెమరీ చిరునామా, తప్పితే గేమ్ మొత్తం కుప్పకూలవచ్చు. పై అంతస్తులో రాసే స్క్రిప్ట్‌లో తప్పు దొర్లితే మామూలుగా ఆ తలుపు ఒక్కటే తెరుచుకోదు, ఏ లైన్‌లో తప్పిందో చెప్పే మెసేజ్ కూడా వస్తుంది.

అయితే అంతస్తుల మధ్య మెట్లకూ ఖర్చుంది. కింద కొత్త సౌకర్యం చేర్చిన ప్రతిసారీ పైనుంచి అందేలా వంతెన కట్టాలి. బగ్ అటుందో ఇటుందో వెతకాలంటే రెండు రకాల డీబగ్గర్లు, అంటే తప్పులు వెతికే టూల్స్, పట్టుకోవాలి. ఈ భారం పెరిగిపోయి 2014లో బయటికొచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 4లో అన్‌రియల్‌స్క్రిప్ట్‌ను పూర్తిగా తీసేశారు. దాని చోట నేరుగా సీ ప్లస్ ప్లస్, పక్కన డబ్బాలూ తీగలతో గీసుకునే బ్లూప్రింట్స్ వచ్చాయి. గమనించాల్సిన విషయం ఏంటంటే, పేరు పోయినా పై అంతస్తు పోలేదు, రూపం మార్చుకుంది. 2023లో అన్‌రియల్‌ను తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థే తన ఫోర్ట్‌నైట్‌లో సొంత ఆటలు చేసుకునేవాళ్ల కోసం వర్స్ అనే సరికొత్త భాషను తెచ్చింది. తీసేసిన చోటే మళ్లీ ఒక స్క్రిప్ట్ భాష మొలిచింది.

యూనిటీలో ఇంజిన్ లోపలిదంతా సీ ప్లస్ ప్లస్, గేమ్ రాసేది సీ షార్ప్. మొదట్లో యూనిటీస్క్రిప్ట్, బూ అనే మరో రెండు భాషలు కూడా ఉండేవి. ముందు బూను, తర్వాత 2017లో యూనిటీస్క్రిప్ట్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించారు. పాత పాఠాల్లో అవి కనిపిస్తే పక్కన పెట్టేయాలి. గోడో అనే మరో ఇంజిన్ కూడా అంతే: కింద సీ ప్లస్ ప్లస్, పైన జీడీస్క్రిప్ట్. దాన్ని తయారుచేసినవాళ్లు లువా, పైథాన్ లాంటివి ముందు వాడి చూసి, ఇంజిన్‌తో సరిగా పొసగక చివరికి సొంత భాషకు వచ్చారు. చూడటానికి పైథాన్‌లా ఉంటుంది కానీ పైథాన్ కాదు.

0.1 సెకను

పై అంతస్తు విలువ ఎక్కడ తెలుస్తుందో దగ్గరగా చూద్దాం. ఒక పాత్ర ఎగరాలి. 96 పిక్సెళ్ల ఎత్తుకు 0.4 సెకన్లలో చేరాలనుకుంటే స్కూల్లో చదివిన లెక్క చాలు: గురుత్వం సెకనుకు సెకనుకు 1,200 పిక్సెళ్లు, ఎగిరే క్షణాన వేగం సెకనుకు 480 పిక్సెళ్లు. రాసి నడిపిస్తే పాత్ర కచ్చితంగా ఎగురుతుంది. ఆడి చూస్తే మాత్రం బెలూన్‌లా తేలుతున్నట్టు అనిపిస్తుంది. దిగేటప్పుడు గురుత్వాన్ని ఒకటిన్నర రెట్లు చేసి చూడాలి. ఎక్కువైతే తగ్గించాలి. బటన్ మధ్యలో వదిలేస్తే ఎగరడం అక్కడే ఆగాలి. అంచు దాటి పడిపోవడం మొదలైన క్షణంలో బటన్ నొక్కినా ఎగరనివ్వాలి, లేకపోతే "నేను నొక్కాను కదా!" అని ఆటగాడు మండిపడతాడు.

2018లో వచ్చిన సెలెస్ట్ ఈ చివరి వెసులుబాటుకు మంచి ఉదాహరణ. అందులో ప్రధాన పాత్రను నడిపించే సీ షార్ప్ కోడ్‌ను తయారీదారులే అందరికీ చూపించారు. అంచు దాటాక కూడా ఎగరనిచ్చే సమయం అందులో 0.1 సెకను. 60 ఫ్రేమ్‌ల లెక్కన ఆరు ఫ్రేమ్‌లు. ఆటగాడికి అలాంటిదొకటి ఉందనే తెలియదు, చేతికి మాత్రం గేమ్ మాట వింటున్నట్టు అనిపిస్తుంది. 0.05 అయితే గేమ్ మొండిగా ఉంటుంది, 0.3 అయితే గాలిలో నడిచినట్టుంటుంది. ఈ సంఖ్య ఏ పుస్తకంలోనూ దొరకదు. మార్చడం, ఆడటం, మళ్లీ మార్చడం, అదొక్కటే దారి.

కాబట్టి ఒక సంఖ్య మార్చిన తర్వాత దాన్ని ఆడి చూడటానికి ఎంతసేపు పడుతుందన్నది భాషను, ఇంజిన్‌ను ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. రోజుకు 40 మార్పులు చేస్తే, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చడానికి, అంటే కంపైల్‌కు, ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టినచోట 80 నిమిషాలు పోతాయి. మూడు సెకన్లే పట్టినచోట మొత్తం రెండు నిమిషాలు. పోయిన గంటకు పైగా సమయం ఒక నష్టమైతే, ఇంకో నష్టం కంటికి కనిపించదు: రెండు నిమిషాలు ఆగాల్సి వస్తే మనిషి 40 సార్లు ప్రయత్నించడు, ఎనిమిదో సారికి "ఇది చాల్లే" అనుకుంటాడు. ఆ రాజీ గేమ్‌లో తెలిసిపోతుంది. భాషల వేగాన్ని పోల్చే పట్టికలు కోకొల్లలు, ఈ ఎదురుచూపును కొలిచినవి మాత్రం అరుదు.

భాష ఏదైనా తప్పించుకోలేని పొరపాట్లూ ఉన్నాయి. పాత్రను ఫ్రేమ్‌కు 5 పిక్సెళ్లు కదిలించమని రాస్తే 60 హెర్ట్జ్ తెర మీద సెకనుకు 300 పిక్సెళ్లు కదులుతుంది, 120 హెర్ట్జ్ తెర మీద 600. కొత్త మానిటర్ ఉన్నవాడికి ఆటే రెట్టింపు వేగం అయిపోతుంది. సెకనుకు 300 అని రాసుకుని, గడిచిన సమయంతో గుణించాలి. అలాగే సెకనుకు 1,200 పిక్సెళ్ల వేగంతో వెళ్లే తూటా ఒక్కో ఫ్రేమ్‌లో 20 పిక్సెళ్లు దూకుతుంది. గోడ మందం 10 పిక్సెళ్లే అయితే, ఒక ఫ్రేమ్‌లో గోడకు ఇవతల, మరుసటి ఫ్రేమ్‌లో అవతల ఉంటుంది, తగిలినట్టే లెక్కకు రాదు. ఈ రెండు బగ్‌లూ అసెంబ్లీలోనూ వస్తాయి, పైథాన్‌లోనూ వస్తాయి. గేమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడమంటే ఎక్కువభాగం ఇలాంటివి నేర్చుకోవడమే. అందుకే భాష గురించి మరీ ఎక్కువ రోజులు మథనపడటం దండగ.

ఇక పేర్లలోకి

మొదటి గేమ్ చేస్తున్నవాళ్లు పై అంతస్తులోనే ఉండాలి. ఇందులో తటపటాయించాల్సింది ఏమీ లేదు. 2డీ గేమ్ అయితే గోడోలో జీడీస్క్రిప్ట్ మంచి ఎంపిక: ఎంఐటీ లైసెన్స్ కింద ఉచితం, డౌన్‌లోడ్ చిన్నది, మార్పు చేసి ఆడి చూడటానికి క్షణాలు చాలు. దాని ఇబ్బంది ఒకటే, జీడీస్క్రిప్ట్ గోడో బయట ఎక్కడా పనికిరాదు. సీ షార్ప్ అలా కాదు. యూనిటీలో నడుస్తుంది, గోడోలో నడుస్తుంది, మోనోగేమ్‌లో నడుస్తుంది, గేమ్‌లు వదిలేసి వేరే ఉద్యోగంలోకి వెళ్లినా పనికొస్తుంది.

ఈ తేడా ఎంత పెద్దదో స్టార్‌డ్యూ వ్యాలీ చూస్తే అర్థమవుతుంది. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని, సీ షార్ప్‌లో, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఎన్‌ఏ అనే గేమ్ ఫ్రేమ్‌వర్క్ మీద దాన్ని తయారుచేసి 2016లో విడుదల చేశాడు. అప్పటికే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఎన్‌ఏను వదిలేసింది. అయినా గేమ్ అనాథ కాలేదు. ఎక్స్‌ఎన్‌ఏ కోసం రాసిన కోడే తనమీదా నడిచేలా ఔత్సాహికులు కట్టిన మోనోగేమ్ ఉండటం వల్ల 2021లో పీసీ వెర్షన్ దాని మీదికి మారింది. ఇంజిన్ కింది నుంచి జారిపోయినా భాష, కోడ్ మిగిలాయి.

ఇంజిన్ అంటే కంపెనీ షరతులు కూడా అని 2023 సెప్టెంబర్‌లో చాలామందికి తెలిసొచ్చింది. రాబడి, ఇన్‌స్టాల్‌లు ఒక పరిమితి దాటిన గేమ్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ రుసుము వసూలు చేస్తామని యూనిటీ ప్రకటించగానే డెవలపర్లు భగ్గుమన్నారు. ఏడాది తర్వాత ఆ రుసుమును పూర్తిగా రద్దు చేశారు, కానీ ఈలోపే కొందరు దారి మార్చుకున్నారు. స్లే ద స్పైర్ మొదటి భాగం జావాలో లిబ్‌జీడీఎక్స్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద చేసినవాళ్లు రెండో భాగానికి గోడోను ఎంచుకున్నారు. అన్‌రియల్ షరతు వేరు: ఒక గేమ్ మొత్తం రాబడి 10 లక్షల డాలర్లు దాటాక ఆ పైదానిలో 5 శాతం రాయల్టీ. కోడ్ రాయడం మొదలుపెట్టక ముందే ఈ షరతులు చదవాలి. విసుగే, కానీ తప్పదు.

పెద్ద 3డీ గేమ్, నిజంలా కనిపించే వెలుగునీడలు, పెద్ద స్టూడియోలో ఉద్యోగం మీద కన్ను ఉంటే అన్‌రియల్, దాంతోపాటు సీ ప్లస్ ప్లస్. అక్కడ కూడా బ్లూప్రింట్స్‌తో మొదలుపెట్టి, నెమ్మదిస్తున్న భాగాలను మాత్రమే సీ ప్లస్ ప్లస్‌లోకి దించుకోవడం తెలివైన పద్ధతి. ఇంజిన్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న తపనే అసలు కారణమైతే సీ లేదా సీ ప్లస్ ప్లస్‌తో నేరుగా కింది అంతస్తులోకి దిగాలి. అది గొప్ప చదువు. కానీ అలా దిగినవాళ్లు చాలాకాలం ఇంజిన్ రాస్తారు, గేమ్ రాయరు. ఆ సంగతి ముందే తెలిసి దిగితే నిరాశ ఉండదు.

రస్ట్ గురించి ఉత్సాహం చాలా ఉంది, అందులో న్యాయమూ ఉంది. పాయింటర్ తప్పుల్లో చాలావాటిని కంపైల్ అవుతున్నప్పుడే పట్టేస్తుంది. 2020లో మొదలైన బెవీ లాంటి ఇంజిన్ డేటాను వరుసగా పేర్చుకునే పద్ధతి మీదే నిలబడింది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, గేమ్‌లో ప్రతిదీ ప్రతిదాన్నీ పట్టుకుని ఉంటుంది: శత్రువు ఆటగాడిని చూస్తుంటాడు, ఆటగాడు కత్తిని పట్టుకుంటాడు, కత్తి శత్రువుకు తగులుతుంది. ఏ డేటా ఎవరి సొంతమో ముందే తేల్చమని రస్ట్ అడుగుతుంది. గేమ్ ఎలా ఉండాలో ఇంకా తేలని దశలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. అనుభవం ఉన్నవాళ్లు ఇంజిన్ రాయడానికి మంచిది, మొదటి గేమ్‌కు కాదు.

పైథాన్ సంగతి కొంచెం వేరు. పైగేమ్ అనే లైబ్రరీతో లూప్ అంటే ఏమిటో, ఫ్రేమ్ అంటే ఏమిటో ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది. ఈవ్ ఆన్‌లైన్ లాంటి భారీ గేమ్ కూడా స్టాక్‌లెస్ పైథాన్ అనే పైథాన్ రకం మీద నడిచింది. అయినా సెకనుకు 60 ఫ్రేమ్‌ల యాక్షన్ గేమ్‌ను మొత్తం పైథాన్‌లో రాసి ఫోన్‌లోకీ కన్సోల్‌లోకీ ఎక్కించడం ఎదురీత. స్టూడియోల్లో దాని అసలు చోటు తెర వెనక ఉంది: 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో పనిని సులువు చేసే స్క్రిప్టులు, ఫైళ్లను మార్చే చిన్న చిన్న టూల్స్.

జావాకు మైన్‌క్రాఫ్టే నిదర్శనం, ఫోన్లకు, కన్సోల్స్‌కు దాన్ని విడిగా సీ ప్లస్ ప్లస్‌లో రాయాల్సి వచ్చిందన్నదీ అంతే నిజం. బ్రౌజర్ గేమ్‌కైతే జావాస్క్రిప్ట్, ఫేజర్ లాంటి ఫ్రేమ్‌వర్క్ హాయి. వాంపైర్ సర్వైవర్స్ మొదట అలాగే ఫేజర్ మీద మొదలైంది. తెర నిండా వందల శత్రువులు మూగే ఆ ఆట జనానికి నచ్చింది, కొన్నాళ్లకు ఆ బరువు మోయలేకపోయింది, 2023లో యూనిటీకి మార్చారు. ఆ క్రమంలో ఏమీ తప్పు లేదు. ఆట బాగుందని తేలాకే మార్చడానికి డబ్బు, ఓపిక పెట్టారు.

గేమ్ ఎక్కడ నడవాలన్నది మాత్రం మొదటి రోజే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ భాష మీద నేరుగా ఆంక్షలుంటాయి. ఐఫోన్‌లో మామూలు యాప్‌లు నడుస్తుండగానే కొత్త యంత్రకోడ్ తయారుచేసుకోవడానికి యాపిల్ ఒప్పుకోదు. అందుకే యూనిటీ అక్కడ సీ షార్ప్‌ను ముందే సీ ప్లస్ ప్లస్‌గా మార్చి కంపైల్ చేస్తుంది. 2023లో గోడో 4 వచ్చినప్పుడు జీడీస్క్రిప్ట్ గేమ్‌లను వెబ్‌కు ఎగుమతి చేయగలిగేవాళ్లు, సీ షార్ప్‌తో రాసినవాటిని చేయలేకపోయేవాళ్లు. ఒకే ఇంజిన్, ఒకే గేమ్, భాష మారితే చేరే చోటు మారిపోయింది. ఇలాంటివి ఏడాది పని అయ్యాక తెలిస్తే గుండె ఆగినంత పనవుతుంది.

రెండు ఇంజిన్ల మధ్య ఊగిసలాట తెగకపోతే పరీక్ష పెట్టి చూడవచ్చు. ఒక్క తెర గేమ్: ఎగిరే ఒక పాత్ర, మూడు మెట్లు, తూటాలు పేల్చే ఒక శత్రువు, ఒక శబ్దం. అదే గేమ్‌ను రెండింటిలోనూ, ఒక్కోదానికి వారం చొప్పున, చేసి చూడాలి. ఎగిరే వేగాన్ని మార్చాక ఆడి చూడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. తూటాలను 500కు పెంచి, చేతికి దొరికిన అన్నిటికంటే పాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నడిపించి, ఫ్రేమ్ సమయం 16.67 లోపే ఉందో లేదో చూడాలి. ఎక్కడైనా ఇరుక్కుపోయినప్పుడు బయటపడటానికి ఎంతసేపు పట్టిందో, జవాబు ఎక్కడ దొరికిందో కూడా రాసుకోవాలి. పదిహేనో రోజున ఆ కాగితం మీద రెండు వరుసల అంకెలుంటాయి. వాటి పక్కన ఇంకొక్క ప్రశ్న చేర్చుకోవాలి: ఈ రెండింటిలో ఏ గేమ్‌ను పదహారో రోజున మళ్లీ తెరవాలనిపిస్తోంది?